మాటతాడు

నూకరత్నం గొంతును వాళ్ళు పదకొండు రోజులు తీసుకున్నారు.

అప్పటికి ఆమెకు ఏడో నెల. మందుబిళ్ళల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైను దగ్గర పొద్దస్తమానం నిలబడే పని మాన్పించి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడమీద ఏసీ గదికి పంపేవారు. గది గోడలకి నల్లటి స్పాంజి. మధ్యలో ఒక కుర్చీ, కుర్చీ ముందు చింతకాయంత మైకు. అద్దానికి అవతల శరణ్య మేడమ్ కూర్చునేది. ఆ పరిశోధనంతా ఆమెదే.

"మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి రత్నంగారూ. ఎదురుగా మీ పాప ఉందనుకోండి," అంది మొదటి రోజు.

తనని 'గారు' అన్న మనిషి రత్నానికి ఆమే మొదలు. రత్నం గ్లాసుడు నీళ్ళు తాగింది. గొంతు సవరించుకుంది. కళ్ళు మూసుకుని, టీవీలో వార్తలు చదివే అమ్మాయిని మనసులో నిలుపుకుని, "చిట్టితల్లీ, ఆకలిగా ఉందా? అమ్మ ఇక్కడే ఉంది కదా. ఏడవకూడదు," అంది.

ఆమె ఇంట్లో అలా మాట్లాడదు. ఆమె ఊళ్ళో ఎవరూ అలా మాట్లాడరు. కానీ ఆ సంగతి శరణ్య మేడమ్‌కి తెలిసే దారి లేదు. పెద్ద ఉద్యోగాలవాళ్ళ ఎదుట నిలబడితే మాటకి ఇస్త్రీ చేసుకుని మరీ బయటికి తీయడం అక్కడివాళ్ళందరికీ అలవాటే. మేడమ్ ఎప్పుడు పలకరించినా రత్నం ఆ ఇస్త్రీ మాటే మాట్లాడింది. అదే ఆమె అసలు మాటనుకుంది మేడమ్.

రత్నం మోసం చేద్దామని చేయలేదు. ఎనిమిదో తరగతిలో ఉండగా దసరా సెలవుల తర్వాత కొత్తగా వచ్చిన టీచరు, సెలవుల్లో ఏంచేశారో ఒక్కొక్కరూ లేచి చెప్పమంది. రత్నం లేచి, "మాయమ్మతోటి జీడితోటకెల్లినానండి, పిక్కలేరినానండి, జెరమొచ్చీసినాది," అని చెప్పింది. టీచరు నవ్వింది. టీచరు నవ్వింది కదా అని క్లాసంతా నవ్వింది. ఆనాటి నుంచి బడిలో ఆమె పేరు రత్నం కాదు, 'వచ్చీసినాది'. ఏడాది తిరక్కుండానే తండ్రి కాలు విరిగి మంచాన పడ్డాడు, రత్నం బడి మాని జీడిపప్పు బట్టీలో పనికి కుదిరింది. బడి పోయినందుకు ఏడ్చిందిగానీ, ఆ పేరు పోయినందుకు లోలోపల ఊపిరి పీల్చుకుంది కూడా.

కడుపులో ఉన్న పిల్లకి ఆ గతి పట్టకూడదు. అంతే ఆమె అనుకున్నది. పుట్టిన దగ్గర్నుంచీ చెవిన పడే మాట మంచి మాటైతే, పిల్లకి మంచి మాటే వస్తుంది.

పదకొండో రోజు మేడమ్ ఒక కాగితాల కట్ట ముందు పెట్టింది. అంతా ఇంగ్లీషు. ఆమెలాగే గొంతు ఇచ్చిన మిగతా పదకొండుమంది తల్లుల్లో సగంమంది వేలిముద్ర వేశారు. రత్నం పెన్ను అడిగి, పన్నెండు పేజీల మీదా ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది. సంతకం బాగుందని మేడమ్ మెచ్చుకుంది కూడా.

*

ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున ఉయ్యాల్లో వేసి, చార్విక అని పేరు పెట్టారు. నల్లతాడు కట్టాల్సిన నడుముకి ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన తాడు కట్టారు. చూడటానికి మామూలు మొలతాడే. కాకపోతే మధ్యలో మూడు పూసలుంటాయి. ఒక పూస ఒంటి వేడి చూస్తుంది, ఒకటి గుండె చప్పుడు వింటుంది, ఒకటి పొట్టలో గుడగుడ కనిపెడుతుంది. పక్కనే మినపగింజంత స్పీకరు. పిల్లకి ఏడుపు రాకముందే, అది వచ్చేలా ఉందని తాడుకి తెలిసిపోతుంది. తల్లి గొంతుతో మాట్లాడుతుంది. పాలు కావాలో, గుడ్డ మార్చాలో ఫ్యాక్టరీ పిల్లలగదిలో ఆయా చేతిలోని ఫోనుకి చెబుతుంది. ఈలోపు పిల్లని మాటల్లో పెడుతుంది. ఫ్యాక్టరీలో అందరూ దాన్ని 'మాటతాడు' అనేవారు.

రత్నం తల్లి సన్యాసమ్మ మనవరాలి నడుముకి తాడు ముడి వేస్తుంటే, లోపలి నుంచి మాట వచ్చింది. "చిట్టితల్లీ, అమ్మ ఇక్కడే ఉంది కదా."

సన్యాసమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. "ఓలమ్మ! ఎవుర్తే లోపల?"

"నానేనమ్మా. నా గొంతే," అంది రత్నం సిగ్గుపడుతూ.

సన్యాసమ్మ తాడుని చూసింది, కూతుర్ని చూసింది. "నువ్వేటి? నిన్ను కన్నది నాను కాదేటి? నీ గొంతు నాకు తెల్దేటి? ఎవుర్దో కలెట్రమ్మ గొంతులాగున్నాది."

రత్నం మొగుడు దాలినాయుడు గట్టిగా నవ్వాడు. అతను ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు. "మీ కూతురు నాకు తెలీకండ వార్తలు సదవడానికెల్తన్నాదేమో అత్తా," అన్నాడు.

మొదటి నెలంతా రత్నం పిల్లతో ఆ మంచి మాటే మాట్లాడదామని చూసింది. నోరు తెరిచి, "చిట్టితల్లీ, స్నానం చేద్దామా?" అనేసరికి వాకిట్లోంచి దాలినాయుడు, "ఇప్పటి వరకు ప్రధాన వార్తలు," అని అందుకునేవాడు. తల్లి మూతి బిగపట్టుకునేది, నవ్వు ఆపుకోలేక. రత్నానికి బడి గుర్తొచ్చి చెవులు వేడెక్కేవి. పోనీలే, తాడు నేర్పుతుంది కదా, నేనెందుకు నవ్వులపాలవడం అనుకుంది. అనుకుని ఊరుకుంది.

మూడో నెలలో పనికి పిలిచారు. పొద్దున ఆరు గంటలకి మొదటి షిఫ్టు. పిల్లని ఫ్యాక్టరీ పిల్లలగదిలో దింపి లైను మీదికి వెళ్ళేది. రెండు వారాలకే పాలు ఎండిపోయాయి. పదిమందిలాగే డబ్బాపాలు పట్టించింది. ఆ గదిలో నలభైమంది పిల్లలుంటే ఇద్దరు ఆయాలు. నలభైమందిలో తాడు కట్టింది పన్నెండుమందికే. ఆ పన్నెండు ఉయ్యాలలూ ఉన్న మూల పరీక్షలు జరిగే హాలులా ఉండేది. ఒక్క పసికందూ కిక్కుమనేది కాదు. సన్నగా, దోమ రొదలా, పన్నెండు ఆడగొంతులు మాత్రం గుసగుసలాడుతుండేవి. మిగతా ఇరవైఎనిమిదిమంది తల్లులూ, మాకెప్పుడిస్తారు ఆ తాడు అని మేడమ్ చుట్టూ తిరిగేవారు.

సాయంత్రం ఇంటికొచ్చాక రత్నానికి కాళ్ళు పీకేవి. పిల్ల పక్కనే నడుం వాల్చేది. పిల్ల కదిలితే తను నోరు విప్పేలోపే తాడు విప్పేది. "ఏమైంది నా తల్లీ? కల వచ్చిందా?" ఆ మాట తన మాట కన్నా ముందుంటుంది, తన మాట కన్నా మెత్తగా ఉంటుంది, దానికి విసుగనేది లేదు. పోటీ ఎందుకని రత్నం కళ్ళు మూసుకునేది.

సన్యాసమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "పిల్ల ఏడవకపోతే నాకు బయ్యంగా ఉన్నాదే."

"ఏడిస్తే ఒక బయ్యం, ఏడవకపోతే ఒక బయ్యమా నీకు?"

"ఏడిసి మనికేసి సూడాలే. నువ్వు ఏడిసి ఏడిసి నన్ను సూసీదానివి. ఇది సూడదు. సూత్తే నడుంకేసి సూసుకుంటాది."

నిజమే. రత్నం కూడా గమనించింది. స్నానానికి తాడు విప్పాలి. సన్యాసమ్మ కాళ్ళు చాపుకుని, పిల్లని బోర్లా పడుకోబెట్టుకుని, నలుగుపిండి రాసి నీళ్ళు పోస్తుంటే, పిల్ల గుక్క తిప్పుకోకుండా ఏడ్చేది. "ఐపోనాది, ఐపోనాదే నా బంగారం," అని రత్నం ఒళ్ళు తుడుస్తూ ఎంత బుజ్జగించినా ఆగేది కాదు. తాడు మళ్ళీ కట్టగానే టక్కున ఆగేది. నీళ్ళంటే భయం అనుకున్నారు. అందరూ అదే అనుకున్నారు. అనుకోవడానికి తేలిగ్గా ఉండే మాట అదే కదా.

*

మొదటి పుట్టినరోజుకి తాడు విప్పేయాలని ముందే రాసుకున్న ఒప్పందం. "తాడుదీ, తల్లిదీ గొంతు ఒకటే కాబట్టి పిల్లలకి తేడా తెలియదు. ఒక దీపం తీసి ఇంకో దీపం పెట్టినట్టు," అని మేడమ్ అందరికీ చెప్పింది. తాడు విప్పే ముందు ఒక పరీక్ష. పిల్లని చాప మీద కూర్చోబెడతారు. తల్లి తెర వెనక నిలబడి మూడుసార్లు పిలుస్తుంది. పిల్ల తలతిప్పి తెరకేసి రావాలి.

రత్నానిది పన్నెండో నంబరు. తెర పక్కన నిలబడి మిగతా పదకొండుమందినీ చూసింది. పిల్లల్ని పిలిచే మాటకి వాళ్ళెవరూ ఇస్త్రీ చేయలేదు. లైనులో తన పక్కనే పనిచేసే ఈశ్వరమ్మ, "ఒరే దొంగ సచ్చినోడా, ఎక్కడున్నావురా?" అంటే, వాళ్ళ పిల్లాడు కేరింతలు కొడుతూ తెర కింద నుంచి దూరిపోయాడు. మేడమ్ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి రత్నం అనుకుంది: ఈవిడ ఈ మాటకి కూడా నవ్వుతుందన్నమాట. అదీ వెక్కిరింపు లేకుండా.

తన వంతు వచ్చింది. తెర సందులోంచి చూస్తే చార్విక చాప అంచున కూర్చుని వెనక్కి ఒరుగుతోంది. తల నేలకి తగులుతుందేమోనని రత్నానికి పై ప్రాణం పైనే పోయింది. "ఒలే గుంటా, పడిపోతావే! ఇటు రా! అమ్మనే!" అనేసింది.

పిల్ల తలతిప్పలేదు.

"ఒలే చార్వీ! నానే!"

పిల్ల తన కాలి వేలు పట్టుకుని ఆడుకుంటోంది. వీధిలో ఎవరో ఎవరినో పిలిస్తే మనం ఎలా ఉంటామో అలా ఉంది.

మూడోసారి పిలవకుండా రత్నం తెర అంచు పట్టుకుని మేడమ్‌కేసి చూసింది. మేడమ్ భుజాలెగరేసి చేతిలోని ట్యాబు మీద వేలు పెట్టింది. చార్విక నడుం దగ్గర తాడు పలికింది. "చిట్టితల్లీ, అమ్మ ఇక్కడే ఉంది కదా." పిల్ల మొహం విచ్చుకుంది. రెండు చేతులతో తన పొట్ట పట్టుకుని, తల వంచి, తాడుకేసి చూస్తూ నవ్వింది.

అందర్నీ పంపేశాక మేడమ్ రత్నాన్ని కూర్చోబెట్టింది. రికార్డు చేసిన గొంతు పెట్టి వినిపించింది. "ఇది మీరే కదా?"

"నానే. గానీ..." రత్నం పైట నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్‌తో ఆమె ఇస్త్రీ లేని మాట మాట్లాడటం అదే మొదటిసారి. "అది నాను కాదండి. మంచిగా మాటాడాలని మాటాడినానండి. పిల్లకి మంచి మాటొస్తాదని."

మేడమ్ రికార్డింగు ఆపింది. కోప్పడుతుందేమో అనుకుంది రత్నం. కోప్పడినా బాగుండేది. మేడమ్ నోట్‌బుక్కు తెరిచి, పేజీ తిప్పి, పైన తేదీ వేసింది. కళ్ళు మెరుస్తున్నాయి. "మై గాడ్. అంటే ఈ పాపకి అమ్మ అంటే అచ్చంగా తాడే. ఇలాంటి కేసు మేం కావాలని తయారు చేయలేం, తెలుసా మీకు? ఎవరూ అనుమతివ్వరు."

"ఇప్పుడేటి సెయ్యాలండి?"

"తాడు తీసేద్దాం. మీరు మీ అసలు గొంతుతోనే మాట్లాడండి. ఆ రికార్డింగు గొంతు మాత్రం వాడకండి, పాప ఇంకా గందరగోళపడుతుంది. ఆరు వారాల్లో అలవాటు పడుతుంది. పసిపిల్లలు మరిచిపోతారు."

ఎవరిని మరిచిపోతారో మేడమ్ చెప్పలేదు.

*

తాడు విప్పిన మొదటి రోజు చార్విక ఏడ్చింది. రెండో రోజు ఏడవలేదు, వెతికింది. చొక్కా పైకెత్తి నడుం చూసుకుంది. ఉయ్యాల గుడ్డ లాగి చూసింది. మంచం కిందికి దూరింది. సన్యాసమ్మ తాడు బదులు ఎర్ర దారం కడితే దాన్ని చెవి దగ్గర పెట్టుకోవాలని లాగి, తెంపి, దూరంగా విసిరింది. పాలసీసా తోసేసింది. ఉగ్గు పెడితే ఉమ్మేసింది.

"రాయే నా తల్లీ, నాను కాదేటే మీయమ్మని," అని రత్నం ఎత్తుకుంటే విల్లులా వెనక్కి విరుచుకునేది. పరాయి మనిషి ఎత్తుకుపోతున్నట్టు దాలినాయుడి కేసి చేతులు చాపేది. అతను ఎత్తుకుంటే అతని భుజం మీదుగా వెనక్కి చూసేది, ఇంకెవరైనా వస్తారేమోనని.

మూడో రోజుకి ఒళ్ళు కాలిపోయింది. మొదటి రోజు ఏడుపుకీ ఆ రోజు ఏడుపుకీ పోలికే లేదు. గట్టిగా లేదు. ఎవరినీ పిలుస్తున్నట్టు లేదు. లోపలికి లోపలికి పోతున్నట్టు ఒకటే మూలుగు.

సన్యాసమ్మ గుమ్మంలో కూలబడింది. "ఈ ఏడుపు నాను ఇన్నానే రత్నం. మాయమ్మ పోయినప్పుడు మా సెల్లి ఇలగే ఏడిసినాది. ఏడాది గుంట అది. తల్లి సచ్చిన పిల్ల ఏడుపే ఇది."

"నాను బతికే ఉన్నాను కదే!" రత్నం అరిచింది.

ఆ అరుపుకి పిల్ల భయపడి కళ్ళు మూసుకుంది.

దాలినాయుడు మేడమ్‌కి ఫోను చేశాడు. ఆమె డాక్టరు చేత జ్వరం మందు రాయించింది. "ఇంకొక్క అయిదు రోజులు ఓపిక పట్టండి, ఇప్పుడు వెనక్కి తగ్గితే అంతా వృథా అవుతుంది," అంది. అతను ఫోను పెట్టేసి, పెళ్ళాం కేసి చూడకుండా అన్నాడు. "అయిదు రోజులంటన్నాదే. పిల్ల అయిదు రోజులు ఆగుతాదేటి?"

రత్నం లేచింది. మొహం కడుక్కుంది. జుట్టు సర్దుకుంది. ఇంటర్వ్యూకి వెళ్ళేదానిలా గోడ అద్దంలో ఒకసారి చూసుకుని, వచ్చి చాప మీద పిల్ల ఎదురుగా కూర్చుంది. గ్లాసుడు నీళ్ళు తాగింది. గొంతు సవరించుకుంది. మొగుడూ తల్లీ చూస్తుండగా, నల్లగదిలో పదకొండు రోజులు మాట్లాడినట్టు, ఎత్తూ పల్లం లేకుండా, "చిట్టితల్లీ, ఆకలిగా ఉందా? అమ్మ ఇక్కడే ఉంది కదా. ఏడవకూడదు," అంది.

ఈసారి దాలినాయుడు నవ్వలేదు.

మూలుగు ఆగింది. చార్విక కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు రత్నం మొహాన్ని దాటి, మెడని దాటి, దిగి దిగి ఆమె నడుం దగ్గర ఆగాయి. డేక్కుంటూ వచ్చింది. చీర కుచ్చిళ్ళ మీద, సరిగ్గా నడుం దగ్గర, చెవి ఆనించింది.

"పాలు తాగుదామా నా తల్లీ?" అంది రత్నం.

పిల్ల తాగింది. చెవి అక్కడి నుంచి తీయకుండానే తాగింది. రత్నం రెండు చేతులతో సీసా పట్టుకుంది. గొంతు వణకనివ్వలేదు. వణికితే అది ఆ గొంతు కాదు.

*

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ రత్నం తన మాట మాట్లాడకూడదు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఒకసారి పొయ్యి మీద కూర మాడుతుంటే, "ఒలమ్మ, మాడిపోనాది!" అంది రత్నం. పిల్ల ఒళ్ళోంచి జారి, దూరంగా పోయి, గోడకి వీపు ఆనించి నిలబడి ఆమెకేసి చూసింది. ఇంటికొచ్చిన దొంగని చూసినట్టు చూసింది. మళ్ళీ దగ్గరికి రావడానికి పూట పట్టింది.

ఆ గొంతులో కోపం లేదు, రికార్డు చేసిన రోజుల్లో కోపం రాలేదు కాబట్టి. ఆ గొంతులో పగలబడి నవ్వడమూ లేదు. దాలినాయుడు ఏదైనా హాస్యమాడితే రత్నం పెదాలు బిగించి పెరట్లోకి పోయి నవ్వుకునేది. తర్వాత తర్వాత అతను హాస్యమాడటమే మానేశాడు. ఆ గొంతుతో మాట్లాడే ఆడమనిషితో ఏం మాట్లాడాలో అతనికి తెలిసేది కాదు. "వాహనం మరమ్మతు అయిందా?" అని ఆమె అడిగితే, మేనేజరుకి చెప్పినట్టు, "అయిందండి," అనేసి, నాలిక కరుచుకునేవాడు.

తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవాలంటే వీధి కుళాయి దగ్గరికి వెళ్ళేవారు. బిందె నిండే దాకా గబగబా గుసగుసలు. "నీ మాట ఇని నాలుగు రోజులైనాదే," అనేది సన్యాసమ్మ. "మాటాడవే ఏదైనా. తిట్టవే నన్ను, పోనీ." రత్నం తిట్టబోయేది. నోట్లో మాట తడబడేది. నీళ్ళు పొర్లిపోయేవి.

రత్నం ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు మేడమ్ పిలిపించింది. ఇస్త్రీ గొంతే పని చేసిందని దాలినాయుడు ముందే చెప్పేశాడు. మేడమ్‌కి అందులో కోపం ఏమీ లేదు, పైగా సంతోషంగా ఉంది.

"పన్నెండుమందిలో ఏడాది మొత్తం మీద అందరికన్నా తక్కువ ఏడ్చింది మీ పాపే రత్నంగారూ. మిగతావాళ్ళ రికార్డింగుల్లో విసుగుంది, కంగారుంది, అరుపులున్నాయి. పిల్లలకి అవన్నీ అంటుకున్నాయి. మీ గొంతులో అవేవీ లేవు. అంత శుభ్రమైన గొంతు ఇంకొకటి లేదు. అందుకే వచ్చే బ్యాచ్ నుంచి ఇక తల్లుల్ని ఎవర్నీ రికార్డింగుకి పిలవం. పని రోజులు కూడా పోవు. అన్ని తాళ్ళలోనూ మీ గొంతే పెడుతున్నాం."

రత్నానికి ముందు అర్థం కాలేదు. "మరి ఆళ్ళ అమ్మల గొంతులండి?"

"సాయంత్రం ఇంట్లో వింటారు కదా."

"ఇనరండి. నా గుంట ఇన్నాదేటి? మేడమ్, ఒద్దండి. నాను ఒప్పుకోనండి. అది నా గొంతు."

మేడమ్ మెత్తగా నవ్వింది. బీరువాలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. పన్నెండు పేజీలు. పేజీ పేజీకీ కింద, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం వంకర పోకుండా రత్నం సంతకం.

*

మూడు నెలలు గడిచాయి. చార్వికకి ఏడాది దాటి మూడో నెల. ఇంకా ఒక్క మాటా పలకలేదు. తాడు విప్పేసిన పిల్లలంతా ఇళ్ళ దగ్గరే ఉంటున్నారు. ఆ రోజు మాత్రం టీకా వేయించాలని రత్నం చార్వికని పిల్లలగదిలో దింపింది. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకి సన్యాసమ్మ కూడా ఫ్యాక్టరీకి వచ్చింది. లోపలికి రానివ్వరు కాబట్టి పిల్లలగది బయట చెప్పుల అలమర పక్కన కూర్చుంది.

రత్నం గుమ్మంలో ఆగింది. ఆయాలు ఫోన్లు చూసుకుంటున్నారు. గది గదంతా పరీక్ష హాలైపోయింది. నలభై ఉయ్యాలలు, నలభై తాళ్ళు. ఒక్క ఏడుపు లేదు. నలువైపుల నుంచీ ఒకటే గుసగుస, ఒకటే గొంతు, కాస్త ముందూ వెనకగా. తాడు లేనిది చార్విక ఒక్కతే. కిటికీ దగ్గర నిలబడి ఉంది.

రత్నం గొంతు సవరించుకుంది. "చిట్టితల్లీ, అమ్మ వచ్చింది."

నలభై తలలు తిరిగాయి.

నడవడం వచ్చినవాళ్ళు నిలబడ్డారు. పాకేవాళ్ళు పాకడం మొదలుపెట్టారు. ఉయ్యాలల్లో ఉన్నవాళ్ళు చేతులు చాపారు. ఆమె వెనక, షిఫ్టు దిగి వస్తున్న తల్లులు ఒక్కొక్కరే గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. వాళ్ళలో ఉన్న ఈశ్వరమ్మ చెల్లెలి కొడుక్కి అయిదో నెల. "ఒరే దొంగోడా, నాన్రా," అని ఆమె పిలిచింది. వాడు ఆమెకేసి చూడలేదు. రత్నానికేసి చేతులు చాపి ఉన్నాడు. ఆ తల్లి రత్నాన్ని చూసిన చూపులో తిట్టుంది. ఆ తిట్టుని ఆమె నోట్లో పెట్టుకుని మింగేసింది.

చార్విక మాత్రం తల్లి దగ్గరికి రాలేదు. ఆమె చూపు గదంతా తిరిగింది, ఇన్ని చోట్ల నుంచి ఎలా వస్తోందా అన్నట్టు. తప్పటడుగులు వేసుకుంటూ పక్క చాప మీద పడుకున్న ఒక పసివాడి దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూలబడి, వాడి నడుం మీద, తాడు మీద, చెవి ఆనించింది. లోపల గొంతు ఏదో చెబుతోంది. పిల్ల మొహంలో, తాడు విప్పిన రోజు నుంచి రత్నం చూడని వెలుగు వచ్చింది. తల ఎత్తి, తల్లి కళ్ళలోకి చూసి, పుట్టాక మొదటిసారి మాట పలికింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"అమ్మ ఇక్కడే ఉంది."

గుమ్మంలో ఉన్న తల్లులంతా నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

రత్నం నీళ్ళు తాగలేదు, గొంతు సవరించుకోలేదు. జీడితోటలో ఈ కొస నుంచి ఆ కొసకి పిలిచే పిలుపు, కడుపులోంచి తన్నుకొచ్చింది. "ఒలే గుంటా! నానే మీయమ్మనీ! ఇటు రాయే!"

గది కిటికీ అద్దాలు అదిరాయి. ఆయాలు ఫోన్లలోంచి తలలెత్తారు. నలభై తాళ్ళూ ఒకేసారి, ఎక్కడో గట్టిగా శబ్దమైందని కనిపెట్టి, "భయం లేదు చిట్టితల్లీ, అమ్మ ఇక్కడే ఉంది కదా," అన్నాయి. నలభైమంది పిల్లలూ తమ నడుములకేసి తలలు వంచుకున్నారు. చార్విక పసివాడి పొట్ట మీద చెవి పెట్టి కళ్ళు మూసుకుంది.

ఒక్క తలా ఇటు తిరగలేదు.

బయట, చెప్పుల అలమర దగ్గర నుంచి, ఆ పిలుపుకి ఒక్క మనిషి పలికింది.

"ఏటే, నా తల్లీ," అంది సన్యాసమ్మ.